మొదటి పవర్ సప్లై 3 యాంప్స్‌దా, 5 యాంప్స్‌దా?

కావలి నుంచి అడిగిన తమ్ముడూ, రొయ్యల చెరువు ఏరియేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఈఎస్‌పీ32తో (వైఫై ఉన్న చిన్న కంట్రోల్ బోర్డు) కంట్రోలర్ చేస్తున్నాను, బల్ల మీద పెట్టి వోల్టేజీ తిప్పుకునే పవర్ సప్లై ఎన్ని యాంప్స్‌ది కొనాలన్నావు. దానికి 3 యాంప్స్ ధారాళంగా సరిపోతుంది. బోర్డు వైఫై పంపేటప్పుడు అర యాంపు దాకా లాగుతుంది, 12 వోల్టుల చిన్న రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) 30 మిల్లీయాంప్స్ తీసుకుంటుంది. మోటారు ఎటూ కాంటాక్టర్ (పెద్ద రిలే) మీద కరెంటు లైనుతోనే తిరుగుద్ది గదా! యాంప్స్ గొడవ పక్కనబెట్టి, కరెంట్ లిమిట్‌కి (ఇంతకు మించి కరెంటు పోకుండా ఆపే హద్దు) విడిగా నాబ్ ఉందో లేదో చూడు.

సెల్ రిపేరు షాపుల్లో వాడే 15 వోల్టుల డబ్బాల్లో కొన్నింటికి వోల్టేజీ నాబ్ ఒక్కటే ఉంటుంది, అవి వద్దు. పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (దాని లోపలి పవర్ సప్లై) వాడుకోమనే ఉచిత సలహా ఇంకా ఘోరం. దాని 5 వోల్టుల లైను 20 యాంప్స్ దాకా తోస్తుంది. ఎక్కడన్నా సోల్డర్ చుక్క పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీది రెండు రాగి ట్రాకుల్ని కలిపిందా, ట్రాకే ఫ్యూజులా కాలిపోతుంది.

లిమిట్ పెట్టడం ఇట్లా: వోల్టేజీ 3 దగ్గర ఉంచు, కరెంట్ నాబ్ పూర్తిగా తగ్గించు, ఎర్ర నల్ల టెర్మినళ్లను వైరుతో కలుపు. సీసీ లైటు (లిమిట్ పనిచేస్తోందని చెప్పేది) వెలుగుతుంది. మీటరు చూస్తూ 100 మిల్లీయాంప్స్‌కి తెచ్చి, వైరు తీసేసి, వోల్టేజీ 5 చెయ్యి. కొత్త బోర్డు తగిలించగానే వోల్టేజీ సున్నా దగ్గరికి కుప్పకూలి అక్కడే ఉండిపోతే షార్ట్ ఉన్నట్టే. షార్ట్ లేదని తేలాక లిమిట్‌ని 700 మిల్లీయాంప్స్‌కి పెంచు. 100 దగ్గరే వదిలేస్తే వైఫై ఆన్ అయిన ప్రతిసారీ బ్రౌన్‌అవుట్ రీసెట్ కొడుతుంది (వోల్టేజీ పడిపోయి బోర్డు మళ్లీ మొదలవుతుంది), నువ్వేమో కోడ్‌లో తప్పులు వెతుకుతుంటావు.

ఇంకో తిరకాసుంది. లిమిట్ 20 మిల్లీయాంప్స్ ఉన్నా, సప్లై ఔట్‌పుట్ మీద 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ (ఛార్జి దాచుకునే భాగం) లాంటిది 12 వోల్టులకు నిండి కూర్చుని ఉంటుంది. ఎల్ఈడీ నేరుగా తగిలిస్తే ఆ ఛార్జంతా దాని మీదే పడి మాడిపోతుంది. లిమిట్ సర్క్యూట్ దాన్ని ఆపలేదు, ఎందుకంటే అది కెపాసిటర్‌కి వెనకాల ఉంటుంది. వోల్టేజీ సున్నా చేసి తగిలించి, మెల్లగా పెంచు.

బరువైనా లీనియర్‌దే (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండే రకం) కొను. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే గాల్వానిక్ రకం ప్రోబ్ ఇచ్చేది మిల్లీవోల్టులే, చవక స్విచ్చింగ్ సప్లై రిపుల్ (వోల్టేజీలో సన్నటి ఊగిసలాట) ఆ రీడింగుని ఆడిస్తుంది. వోల్టేజీ మార్చేటప్పుడు లోపల రిలే టిక్కుమంటే భయపడకు, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగ్ మారుతోందంతే. 30 వోల్టులదైనా 3 వోల్టుల దగ్గర 3 యాంప్స్ లాగితే లోపలి ట్రాన్సిస్టర్లు బాగా వేడెక్కుతాయి. వెనక ఫ్యాన్‌కి జానెడు ఖాళీ వదులు.

దాంతో వచ్చే క్రొకడైల్ క్లిప్పు వైర్లు చాలావరకు దండగ. జత మీద అర ఓమ్ ఉన్నా 2 యాంప్స్ దగ్గర ఒక వోల్టు వాటిలోనే పోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ వైరు ఎరుపు మీటరు, నలుపు మీటరు తెచ్చి, బనానా ప్లగ్గులు నువ్వే బిగించుకో. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ మాత్రం పెట్టొద్దు. ఇంట్లో ఎర్త్ లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్ని పిలిపించు, సప్లై వచ్చే నెల కొనొచ్చు.