మోసుకెళ్తాం అంటే ఒప్పుకోకండి, ర్యాంప్ అడగండి

"మా నాన్నగారు వీల్‌చైర్‌లో ఉన్నారు, ప్రభుత్వ ఆఫీసుకి ర్యాంప్ లేదు, అడిగితే ఎవరో ఒకరు ఎత్తుకుని తీసుకొస్తారులే అంటున్నారు, చట్టం ఏమైనా చేయగలదా" అని అడిగారు. చేయగలదు. కానీ ముందు ఆ ఎత్తుకుని తీసుకురావడం దగ్గరే గట్టిగా వద్దనండి. నేను అనలేకపోయాను కాబట్టి చెప్తున్నా.

నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. 2019లో, నాన్న పోయాక మాకొచ్చిన ఇంటి స్థలం అమ్మడానికి నేనూ తమ్ముడూ రిజిస్ట్రేషన్‌కి వెళ్లాం. ఆఫీసు పై అంతస్తులో. 22 మెట్లు, లిఫ్టు లేదు. డాక్యుమెంట్ రైటర్ టీ కొట్టు నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు, తమ్ముడూ ఇంకో ముగ్గురు తెలియని మగవాళ్లూ తలో కాలు పట్టుకుని లేపారు. మలుపు దగ్గర కుర్చీ ఒరిగింది, పడిపోతానని ఎవరిదో చొక్కా కాలరు పట్టేసుకున్నా, పైట జారితే సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మెట్ల మీదున్న వాళ్లు గోడకి జరిగి దారిచ్చి "పాపం" అన్నారు. పైన ఫోటో, వేలిముద్ర పది నిమిషాల పని. మళ్లీ అలాగే దిగాలి, దిగేటప్పుడు ఇంకా భయం. వాళ్లంతా మంచివాళ్లే, ఒక్కరూ విసుక్కోలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు ఒళ్లు సహకరించని మనిషి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి రానక్కర్లేదని, అధికారే ఇంటికి రావాలని, లేదా తన తరఫున ఒకరిని నియమించి (కమిషన్ అంటారు) పంపాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షన్‌లోనే ఉందట. నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. రోజూ అదే పనిలో ఉండేవాళ్లు అంతమంది ఉండి ఒక్కరూ ఆ మాట చెప్పలేదు, ఆ కోపం నాకింకా పోలేదు.

ఇక మీ ప్రశ్న. 1995 నాటి వికలాంగుల చట్టంలో ర్యాంపుల మాట ఉన్నా "ఆర్థిక స్తోమతను బట్టి" అని మెలిక పెట్టారు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో మాత్రం, మనిషి అవసరానికి తగిన ఏర్పాటు చేయకపోవడం కూడా వివక్షే అని రాశారు. నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద మార్పు లేదు, ఎందుకంటే అప్పటిదాకా మనం దయ అడుగుతున్నాం. పాత ప్రభుత్వ భవనాల్ని మార్చడానికి రూల్స్ వచ్చిన రోజు నుంచి ఐదేళ్లు గడువిచ్చారు. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి, అంటే 2022 జూన్‌తో గడువు తీరిపోయింది. ఈ మధ్యలో ఆ రూల్స్‌లోని రూల్ 15 కింద పెట్టిన ప్రమాణాలు చాలావరకు సలహాల్లా ఉండి ఎవరూ పట్టించుకోలేదు. రాజీవ్ రాటూరి అనే చూపులేని ఆయన 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ల చేత పరిశీలన చేయించి, 2024 నవంబర్ 8న ఆ రూల్ చట్టానికే విరుద్ధమని తేల్చింది, తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తెమ్మంది.

ర్యాంప్ ఉన్నచోట మాత్రం ఏం బాగుంది? ముందు బైకులు పెడతారు, గేటుకి తాళం వేస్తారు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాల్సింది, నాలుగడుగుల్లో ముగించేస్తారు. అది ఎక్కితే వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది. వికలాంగులు అనకండి, దివ్యాంగులు అనండి అని చెప్పేవాళ్లు ఒక్కసారి ఆ ర్యాంప్ ఎక్కి చూడాలి.

మీరు నోటిమాటగా అడగొద్దు. తెల్లకాగితం మీద దరఖాస్తు రాయండి, 2016 చట్టం సెక్షన్ 3, 45 పేరు పెట్టి రాయండి, ర్యాంప్ కట్టేదాకా నాన్నగారి పని కింది అంతస్తులోనే చేయమని అడగండి. తీసుకున్నట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. వినకపోతే అదే కాపీ రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి పంపండి, విచారణలో ఆ కమిషనర్‌కి సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, ఆ తర్వాత యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్‌లో ఉంది, ఆ లైను కూడా దరఖాస్తులో రాయండి. నాన్నగారిని మాత్రం కుర్చీలో ఎత్తనివ్వకండి.