అమెరికాలో కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును కోచ్ సున్నా నుంచి ఎలా కడతాడు?

తొలి మ్యాచ్‌కి రెండేళ్ల ముందే కోచ్ చేరాలి. శాన్ ఆంటోనియోలోని టెక్సాస్ యూనివర్సిటీ (యూటీఎస్ఏ) 2009లో లారీ కోకర్‌ని కోచ్‌గా తీసుకుంది. ఆటగాళ్ల మొదటి బ్యాచ్ 2010లో చేరింది, ఆ సీజనంతా ప్రాక్టీసే. ఆ ఏడాది వృథా పోలేదు: అప్పటి నిబంధన ప్రకారం ఆటగాడికి ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడే వీలుంది, మ్యాచ్‌లు ఆడని ఏడాది ఆ నాలుగింట్లోకి రాదు.

అసలు చిక్కంతా లైన్‌మెన్ దగ్గరే. వేగంగా పరిగెత్తి బంతి అందుకునే రిసీవర్ పద్దెనిమిదేళ్లకే ఆడేయగలడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే ఐదుగురు లైన్‌మెన్ అలా దొరకరు. 115 కిలోల కుర్రాణ్ణి కాళ్ల చురుకు తగ్గకుండా 135కి తేవాలంటే తిండి, బరువుల కసరత్తు కలిపి రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే మొదటి బ్యాచ్‌లోనే పది పన్నెండు మంది లైన్‌మెన్‌ని తీసుకోవాలి, ఈలోగా ఆడటానికి జూనియర్ కాలేజీల (అక్కడ స్కూలు తర్వాత రెండేళ్ల డిగ్రీ చదివే కాలేజీలు) నుంచి కొందరు వయసులో పెద్ద ఆటగాళ్లని తెచ్చుకోవాలి.

తొలి ప్రత్యర్థి తేలిగ్గా ఉండాలి. 2011 సెప్టెంబర్ 3న యూటీఎస్ఏ కింది స్థాయైన డివిజన్ 2 జట్టు నార్త్‌ఈస్టర్న్ స్టేట్‌తో ఆడి 31-3తో గెలిచింది. సొంతూరి స్టేడియం అలమోడోమ్‌కి 56,743 మంది వచ్చారు.

పెద్ద తప్పు మాత్రం జట్టునంతా ఒకే ఈడు పిల్లలతో నింపేయడం. చేరినట్టే ఒకేసారి వెళ్లిపోతారు. యూటీఎస్ఏ 2012లో 8 మ్యాచ్‌లు గెలిచి 4 ఓడింది (8-4). తొలి బ్యాచ్ 2014తో ముగిసింది, 2015లో 3-9. అందుకే ఆటగాళ్లకిచ్చే స్కాలర్‌షిప్‌లలో ఏటా నాలుగో వంతే ఇస్తూ, మిగతావి తర్వాతి బ్యాచ్‌లకి ఆపుకోవాలి.