శుక్రవారం టైమ్స్ చూసి శనివారం జాతకం చెప్పొచ్చా?

ప్రశ్న: సార్, ఎఫ్1 (ఫార్ములా 1) కార్ రేసులు చూడ్డం ఈమధ్యే మొదలెట్టాను. శుక్రవారం ప్రాక్టీస్‌లో పెద్ద టీమ్ వెనకబడితే చాలు ‘అసలు వేగం ఇంకా దాచిపెట్టారు, క్వాలిఫయింగ్‌లో (రేసులో ఎవరు ఎక్కణ్ణుంచి బయల్దేరాలో తేల్చే శనివారం సెషన్) చూడండి’ అంటారు అందరూ. మరి 2023 సింగపూర్‌లో రెడ్ బుల్ శుక్రవారమూ వెనకే, శనివారమూ వెనకే. అప్పటిదాకా ఆ సీజన్‌లో అన్ని రేసులూ గెలిచిన కారుకి అక్కడేమైంది?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దాచిపెట్టడం అనేది ఉత్త మాటేం కాదండీ. ట్యాంకులో 10 కిలోల పెట్రోల్ ఎక్కువుంటే ల్యాప్‌కి సుమారు 0.3 సెకన్లు పోతాయి, ఎవరెంత పోసుకున్నారో మనకి చెప్పరు, ఇంజిన్ కూడా ప్రాక్టీస్‌లో తగ్గించి నడుపుకోవచ్చు. అందుకే నేను శుక్రవారం ఎవరు ఫస్టో పెద్దగా పట్టించుకోను, ఆన్‌బోర్డ్ కెమెరాలో డ్రైవర్ చేతులు చూస్తా. మలుపులో స్టీరింగ్ ఒకసారి తిప్పి వదిలేస్తే కారు మాట వింటున్నట్టు, మధ్యలో రెండు మూడుసార్లు సర్దుకుంటుంటే మాత్రం ట్యాంకు ఖాళీ చేసినా ఆ రోగం పోదు.

సింగపూర్‌లో ఇంకో సంగతుంది. 2023లో అక్కడ మొదటి, మూడో ప్రాక్టీస్‌లు సాయంత్రం మొదలయ్యాయి, అప్పటికి ట్రాక్ ఇంకా వేడిగా ఉంటుంది. రెండో ప్రాక్టీస్, క్వాలిఫయింగ్ మాత్రం రెండూ రాత్రి 9కే, అంటే మనకి సాయంత్రం ఆరున్నర. కాబట్టి వేరే ఊళ్ల సంగతెలా ఉన్నా ఆ సింగపూర్ శుక్రవారం రాత్రి సెషన్‌ని మాత్రం కొట్టిపారేయకూడదు. ఆ సెషన్‌లో ఫెరారీ సైంజ్ ఫస్ట్, అదే టీమ్ లెక్లెర్ 0.018 సెకన్ల తేడాతో సెకండ్, రెడ్ బుల్ పెరెజ్ ఏడు, వెర్‌స్టాపెన్ ఎనిమిది, అదీ 0.7 సెకన్లకి పైగా వెనక!

కారణమంతా కారు అడుగున ఉంది. 2022 రూల్స్‌తో వచ్చిన కార్లకి డౌన్‌ఫోర్స్‌లో (గాలి కారుని నేలకి నొక్కే బలం) పెద్ద వాటా ఫ్లోర్ నుంచే వచ్చేది, నేలకి ఎంత దగ్గరగా నడిపితే అంత పట్టు. రెడ్ బుల్ బలమే అది, నున్నటి ట్రాక్‌ల మీద కారుని బాగా కిందికి దించి నడిపేవాళ్లు. సింగపూర్ ట్రాక్ మరీనా బే అలా కాదు, మామూలు రోజుల్లో బస్సులూ కార్లూ తిరిగే రోడ్డే, గతుకులు, పైన మలుపుల అంచున ఎత్తు దిమ్మలు (కెర్బ్‌లు). కారు దించితే మన కాలనీ స్పీడ్ బ్రేకర్ మీద కింద తగిలినట్టు తగులుతుంది, పైగా అడుగునుండే 10 మిల్లీమీటర్ల మందం పలక (ప్లాంక్) 1 మిల్లీమీటర్ కంటే ఎక్కువ అరిగితే డిస్‌క్వాలిఫై (అదే ఏడాది అమెరికాలో ఆస్టిన్ రేసులో హామిల్టన్, లెక్లెర్ ఇద్దరూ దీనికే పోయారు). పోనీ పైకెత్తుదామా అంటే డౌన్‌ఫోర్స్ పోయింది, స్ప్రింగులు గట్టిగా వేస్తే కెర్బ్ ఎక్కినప్పుడల్లా కారు ఎగురుతుంది, మెత్తగా వేస్తే మళ్లీ నేలకి కొట్టుకుంటుంది. రాత్రికి రాత్రి ఎన్ని మార్చినా ఈ రెంటి మధ్య చోటు దొరకలేదు వాళ్లకి.

శనివారం వెర్‌స్టాపెన్ 11, పెరెజ్ 13, ఇద్దరూ క్వాలిఫయింగ్ మూడు రౌండ్లలో రెండోదైన క్యూ2లోనే ఇంటికి. వెర్‌స్టాపెన్ని 0.007 సెకన్లతో బయటికి నెట్టిందెవరో తెలుసా, రెడ్ బుల్ సొంత చిన్న టీమ్ ఆల్ఫాటౌరీలో గాయపడిన డ్రైవర్ బదులు నడుపుతున్న లియామ్ లాసన్! పోల్ (అందరికంటే ముందు బయల్దేరే స్థానం) సైంజ్‌ది, 1:30.984. రేసూ అతనిదే, వెర్‌స్టాపెన్ వరస పది విజయాలు అక్కడ ఆగాయి.

ఆ వారమే వింగ్‌లు వంగడం మీద ఎఫ్ఐఏ (ఎఫ్1 రూల్స్ పెట్టే సంస్థ) కొత్త ఆదేశం అమల్లోకి వచ్చింది కాబట్టి దాని దెబ్బే అని చాలామంది అన్నారు. నాకు నమ్మకం లేదు. తర్వాతి వారమే జపాన్‌లోని సుజుకాలో అదే ఆదేశం కింద, అదే కారుతో వెర్‌స్టాపెన్ 0.581 సెకన్ల తేడాతో పోల్ కొట్టాడు, రేసూ గెలిచాడు.

ప్రశ్న: ప్రాక్టీస్‌లో కొన్ని కార్లకి మెరిసే పచ్చ రంగు పూసుంటుంది, అదేంటండీ?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఫ్లో విజ్ అంటారు. పల్చటి నూనెలో రంగు పొడి కలిపి, కారు గ్యారేజ్‌లోంచి బయల్దేరే ముందు వింగ్‌కో ఫ్లోర్‌కో పూస్తారు. గాలి ఎటు పారితే రంగు అటు గీతలు గీతలుగా సాగి ఆరిపోతుంది, తిరిగొచ్చాక ఫోటోలు తీసి విండ్ టనెల్లో (గాలి వదిలి కారు నమూనాని పరీక్షించే చోటు) వచ్చినదానితో పోల్చుకుంటారు. గీతలు సాఫీగా లేకుండా ఒకచోట ముద్దలా నిలిచిపోయుంటే గాలి అక్కడ ఉపరితలాన్ని వదిలేసినట్టు.

ప్రశ్న: క్వాలిఫయింగ్‌లో తేలిపోయాక ఆదివారానికి సెటప్ మార్చుకోలేరా?
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: మామూలుగా కుదరదు. క్వాలిఫయింగ్‌కి కారు బయటికొచ్చిందంటే పార్క్ ఫెర్మే అనే కట్టడి మొదలు, ఫ్రంట్ వింగ్ ఫ్లాప్ కోణం లాంటివి తప్ప స్ప్రింగులు, ఎత్తు ఏవీ ముట్టుకోకూడదు. కాదని మార్చారా, గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరస) తమ స్థానం వదులుకుని పిట్ లేన్ (గ్యారేజ్‌ల ముందుండే దారి) నుంచి స్టార్ట్ చేయాలి. ఎలాగూ అడుగున ఉన్నప్పుడు అదే మేలు. 2025 బ్రెజిల్‌లో వెర్‌స్టాపెన్ క్యూ1లోనే పోయి 16వ స్థానంలో పడితే, రెడ్ బుల్ వాళ్లు సెటప్ మార్చి, కొత్త ఇంజిన్ కూడా పెట్టేసి పిట్ లేన్ నుంచి వదిలారు. మూడో స్థానంలో వచ్చాడు.