టోకెన్ల పేజీ చేస్తున్న బుజ్జికి

చి. బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

ఆసుపత్రిలో టోకెన్ నంబర్లు ఎప్పటికప్పుడు మారే పేజీని నువ్వొక్కదానివే చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం.

కోడ్‌కి బ్యాకప్ ఉంచుకో. క్రోమ్‌లో చూసి ఊరుకోకుండా ఐఫోన్ సఫారీలో కూడా చూడు. ఇవి నీకు తెలిసినవే.

నేను చెప్పాలనుకున్నది 2007 సంగతి. అప్పుడు ఒక ట్రావెల్స్ వాళ్లకి బస్సు టికెట్ల పేజీ చేశాను. ఇంటర్నెట్ సెంటర్లలో ఇంకా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 అనే పాత బ్రౌజరే ఉండేది. ప్రయాణికుణ్ణి చేర్చమని నొక్కితే సర్వర్ నుంచి కొత్త వరుస వచ్చి, కిందున్న ఛార్జీ పెట్టె ఇంకా కిందికి జరగాలి. అది జరిగేది కాదు. ఉన్నచోటే ఉండి కొత్త వరుసని కప్పేసేది. మౌస్ దాని మీదికి వెళ్తే మాత్రం ఉలిక్కిపడ్డట్టు కిందికి దిగేది. కారణం వెతుకుదామని ఒక అలర్ట్, అంటే తెర మీద వచ్చే చిన్న సందేశం, పెడితే అసలు తప్పే కనిపించలేదు!

నేనేం చేశానో తెలుసా? నొక్కిన 100 మిల్లీసెకన్లకి ఆ పెట్టెని ఒకసారి కదిలించేలా టైమర్ పెట్టి, అయిపోయిందనుకుని ఇంటికెళ్లిపోయాను. ఆఫీసులో నెట్ వేగంగా ఉండేది కాబట్టి సరిపోయింది. నెట్ నిదానంగా ఉన్నచోట వరుస రాకముందే టైమర్ పని ముగిసిపోయేది. సంక్రాంతికి ఊరెళ్లే ఒక కుటుంబానికి మూడో పేరు రాసే గడి కనబడలేదు. పేరు లేని వరుసని మేమే తీసేసేవాళ్లం. టికెట్ ఇద్దరికే వచ్చింది. బస్సు దగ్గర సీటు లేకుండా మిగిలింది వాళ్ల నాయనమ్మ. ఆ ఫిర్యాదు చదివింది నేనే. ఇప్పటికీ పండగ బస్సులు చూస్తే ఆవిడే గుర్తొస్తుంది.

తర్వాత ఒక సీనియర్ చూసి, ఆ పెట్టెకి రెలెటివ్ పొజిషన్ (ఉన్నచోటు నుంచి జరపనిచ్చే స్టైల్) ఉండి, 'హ్యాజ్‌లేఅవుట్' (పెట్టె కొలతని, చోటుని సరిగ్గా లెక్కించుకునేందుకు ఎక్స్‌ప్లోరర్ వాడే లోపలి గుర్తు) లేకపోవడమే కారణమన్నారు. ఆ గుర్తు వచ్చేలా స్టైల్‌లో 'జూమ్: 1' అని ఒక్క మాట చేర్చితే సరిపోయింది. ఎందుకు అవుతోందో అడక్కుండా పైపైన అతుకేశాను నేను. ఆ పని నువ్వు చేశావో, ఊరుకోను.

ఆ బ్రౌజర్ పోయింది కానీ కదలిక పోలేదు. టోకెన్ నంబరు 9 నుంచి 10 అయినా, పైన కొత్త ప్రకటన వచ్చినా కిందున్న బటన్ జరక్కూడదు. మిన్-హైట్ (కనీస ఎత్తు) పెట్టి చోటు ముందే ఉంచు. లోపలున్నదంతా తీసేసి కొత్తది పెట్టే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో పేజీ మొత్తం మార్చేస్తే, ఎవరో సగం టైప్ చేసిన పేరు ఎగిరిపోతుంది. మారిన నంబరు ఒక్కటే మార్చు. చూపు లేనివాళ్లకి వినబడేలా ఆ నంబరుకి ఆరియా-లైవ్ పెట్టు, మారినప్పుడు స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని పైకి చదువుతుంది. బ్రౌజర్‌లో ఉండే డెవలపర్ టూల్స్‌లో నెట్‌ని స్లో చేసి, వేలితో నొక్కబోయే క్షణంలోనే నంబరు మార్చి చూడు. అక్కడ ఫోన్ పట్టుకునేవాళ్లు జ్వరంతోనో టెన్షన్‌తోనో ఉంటారమ్మా.

రాత్రి పదింటి తర్వాత కోడ్ మార్చకు, అన్నం తిని పడుకో. పేజీ తయారయ్యాక లింకు నాకు పంపు. మీ అత్తయ్య దగ్గర తెర పగిలిన పాత ఫోన్ ఉంది, ముందు దాంట్లో తెరుస్తాను.

మీ మావయ్య