గేమ్ మస్కట్ బొమ్మకి ముందు ఉద్యోగం, తరవాతే సొగసు

చి. లహరికి,

ఆశీస్సులు. నీ వీడియో గేమ్‌కి మస్కట్‌గా, అంటే ఆటకి గుర్తుగా నిలిచే పాత్రగా, పాతకాలపు సైన్స్ ఫిక్షన్ పిన్అప్ శైలిలో వేసి నువ్వు పంపిన మూడు బొమ్మలూ చూశాను. గీత బాగుంది, చెయ్యి తిరిగింది. కానీ మూడింట్లోనూ ఆ అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడే ఉంది, వెనకాల రాకెట్. ఆ రాకెట్ తీసేసి స్కూటర్ పెట్టు, బొమ్మలో ఏమీ మారదు. అంటే సైన్స్ ఫిక్షన్ ఆమె ఒంటికి పట్టలేదు, వెనక తెర మీదే ఆగిపోయింది. చేతిలో పానా పెట్టావు గానీ దాన్ని విసనకర్రలా పట్టుకుంది.

పిన్అప్ అంటే గోడకి గుచ్చుకునే బొమ్మ. అమెరికాలో 1930ల నుంచి 50ల దాకా క్యాలెండర్ల మీదా, పత్రికల్లోనూ, యుద్ధ విమానాల ముక్కుల మీదా రాజ్యమేలింది. ఎవరో చూడాలి, అంతే దాని పని. మస్కట్‌ని ఆటగాడు గంటల తరబడి పరిగెత్తిస్తాడు, దూకిస్తాడు, గోడలకేసి కొడతాడు. కూర్చోబెట్టి చూసే బొమ్మని నువ్వు పనిలోకి దింపుతున్నావు. అందుకని బట్టలూ జుట్టూ తరవాత చూద్దాం. ముందు ఉద్యోగం ఖాయం చెయ్యి.

జపాన్ గేమ్ కంపెనీ సెగా వాళ్ళ ఉలాలా గుర్తుందా? 1999 డిసెంబరులో వాళ్ళ గేమ్ యంత్రం డ్రీమ్‌కాస్ట్ మీద వచ్చిన స్పేస్ ఛానల్ 5 ఆట నాయిక. పొట్టి నారింజ దుస్తులు, గులాబీ రంగు జుట్టు రెండు పిలకలు, ఎత్తు బూట్లు. 1960ల అంతరిక్ష ఫ్యాషనంతా ఆమె మీదే ఉంది. అయినా షోకేసు బొమ్మలా అనిపించదు, ఎందుకంటే ఆమె టీవీ రిపోర్టరు. తలకి హెడ్‌సెట్ ఉన్నది ఆ ఉద్యోగం వల్ల. రొమ్ము మీద నీలం 5 ఉన్నది ఆ ఛానల్ నంబరు కనక. నారింజ మీద నీలం కాబట్టి ఆ అంకె దూరానికీ ఆనుతుంది. ఆమె ఒంటి మీద ఏ వస్తువు చూపించి ఇదెందుకు అని అడిగినా ఒక జవాబు దొరుకుతుంది. నీ అమ్మాయి కక్ష్యలో పాడైన ఉపగ్రహాలు బాగుచేసే మెకానిక్ అన్నావు. మంచి ఉద్యోగం. ఇక ఆమె మీద వేసే ప్రతి వస్తువునీ ఇదే ప్రశ్న అడుగు. జవాబు లేనిది తీసేయి. నీ రెండో బొమ్మలో భుజం మీద ఈకల శాలువా అలా పోవలసిందే.

ఇప్పుడు పిన్అప్ నుంచి ఏం తీసుకోవాలో చెబుతాను. బట్టలు కాదు, ఒక క్షణాన్ని పట్టుకునే పద్ధతి. బ్రౌన్ అండ్ బిగెలో కంపెనీ క్యాలెండర్లకి బొమ్మలు వేసిన గిల్ ఎల్వ్‌గ్రెన్‌ని శ్రద్ధగా చూడు. గౌను దేనికో చిక్కుకుంటుంది, కుక్క గొలుసు కాళ్ళకి చుట్టుకుంటుంది, ఆ అమ్మాయి కనుబొమలు పైకి లేచి, నోరు చిన్న సున్నా అవుతుంది. చూసేవాడికి ముందేం జరిగిందో, తరవాతేం జరగబోతోందో రెండూ అర్థమవుతాయి. నువ్వు తీసుకోవలసింది ఆ మధ్య క్షణమే. అయితే ఒక్క మార్పు చెయ్యి: క్యాలెండర్ అమ్మాయికి ఏదో జరుగుతుంది, నీ అమ్మాయి ఏదో చేస్తుంది. "అయ్యో" ముఖం తీసి "దొరికావ్" ముఖం పెట్టు. చేజారి తేలిపోతున్న బోల్టుని వెనక్కి వంగి రెండు వేళ్ళతో పట్టుకుంటున్న క్షణం అనుకో. నడుం వంపు అలాగే ఉంటుంది, కానీ ఇప్పుడా వంపుకి కారణం బోల్టు.

వంపు వెయ్యడంలో లెక్క ఉంది. బరువంతా ఒక కాలి మీద వెయ్యి. ఆ కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది, తల మళ్ళీ ఎదురు వైపు ఒరుగుతుంది. మన శిల్పులు త్రిభంగి అన్నది దీన్నే. రామప్ప గుడి నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) దగ్గర అరగంట నిలబడితే పుస్తకం అక్కర్లేదు. నువ్వు తుంటీ భుజమూ రెండూ ఒకే వైపు వంచావు, అందుకే అమ్మాయి పడిపోయేలా ఉంది. చిన్న స్ప్రైట్‌లో, అంటే ఆట తెర మీద కదిలే చిన్న చదును బొమ్మలో, ఈ వంపుని పిక్సెళ్ళలో లెక్కపెట్టాలి. 64 పిక్సెళ్ళ ఎత్తు బొమ్మలో తుంటి వెడల్పు 12 అయితే ఒక పక్క 2 పిక్సెళ్ళు లేపు. ఒక్కటే లేపితే పొరపాటున జరిగిందనుకుంటారు, మూడు లేపితే కుంటుతోందనుకుంటారు.

కొలతల్లో ఇంకోటి. మామూలు మనిషి ఏడున్నర తలల ఎత్తు. పిన్అప్ చిత్రకారులు కాళ్ళు సాగదీసి ఎనిమిది దాటించేవారు. ఆటలో అంత పొడుగు పెడితే ముఖం మిరియం గింజంత అవుతుంది. ఆరు తలల దగ్గర ఆగు. 64 పిక్సెళ్ళలో తలకి పది పదకొండు వస్తాయి, కళ్ళకి చెరో రెండు, పెదవికి ఒక ఎర్ర చుక్క. అంతకంటే తల పెద్దది చేశావా, ఒళ్ళు చిన్నపిల్లది అయిపోతుంది. అలాంటి ఒంటికి క్యాలెండర్ సొగసు తగిలించడం తప్పు, ఇందులో బేరం లేదు. ముద్దు బొమ్మ కావాలంటే పిన్అప్ పూర్తిగా వదిలెయ్యి. పిన్అప్ కావాలంటే ఆమె ముఖంలో, ఒంట్లో, నడకలో పూర్తిగా ఎదిగిన స్త్రీ అని తెలియాలి. వయసు 30 అని క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాల కాగితం) మీద రాసిపెట్టు, కానీ షీట్ మీద రాసినంత మాత్రాన సరిపోదు.

సైన్స్ ఫిక్షన్ వైపు నువ్వు చేసిన పెద్ద తప్పు దశాబ్దాలు కలిపెయ్యడం. రెట్రో అంటే ఒకే కాలం కాదు తల్లీ. 1926లో మొదలైన సైన్స్ ఫిక్షన్ పత్రిక అమేజింగ్ స్టోరీస్‌కి ఫ్రాంక్ ఆర్. పాల్ వేసిన ముఖచిత్రాల్లో యంత్రాలకి ప్రాణం ఉంటుంది, మనుషులు మాత్రం కొయ్యబొమ్మల్లా ఉంటారు. 40ల పల్ప్ పత్రికల్లో, అంటే చవక కాగితం మీద అచ్చేసిన కథల పత్రికల్లో, ఎర్ల్ బెర్గీ గీసిన అమ్మాయిలకి ఇత్తడి కవచాల్లాంటి రవికలు. 50లకి వచ్చేసరికి రాకెట్‌కి రెక్కలు, కార్లకీ రెక్కలే. 1957లో స్పుత్నిక్ ఎగిరాక ముళ్ళ నక్షత్రాలు. 1964లో పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ కురేజ్ తెల్ల దుస్తులు, తెల్ల బూట్లతో అంతరిక్ష ఫ్యాషన్ తెచ్చాక ప్లాస్టిక్ మెరుపు. 80లలో జపాన్ చిత్రకారుడు హాజిమె సొరయామా ఎయిర్‌బ్రష్‌తో (రంగు చిమ్మే కలంతో) గీసిన క్రోమ్ రోబో స్త్రీలు. నీ బొమ్మలో ఇత్తడి రవిక, తెల్ల ప్లాస్టిక్ బూట్లు, క్రోమ్ చెయ్యి మూడూ ఉన్నాయి. చూసేవాడికి "పాతది" అని తెలుస్తుంది గానీ "ఎప్పటిది" అని తెలియదు, అప్పుడది అద్దె దుస్తుల దుకాణం అవుతుంది. మెకానిక్ ఉద్యోగానికి 50లు సరిపోతాయి. క్రోమ్, రెక్కలు, ఎనామిల్ రంగు. మిగతావి పెట్టె సర్దెయ్యి. పల్ప్ ముఖచిత్రాల నుంచి రంగుల ధైర్యం తీసుకో. రాక్షసుడి చేతిలో కెవ్వుమనే అమ్మాయిని మాత్రం తీసుకోకు.

రంగు గురించి. నల్ల ఆకాశం ముందు ముదురు నీలం సూటు వేశావు. ఫోన్ వెలుతురు తగ్గిస్తే ముఖం, చేతులు మాత్రమే గాల్లో తేలతాయి. నాసా వ్యోమగాములు 1988 నుంచి షటిల్ ప్రయాణంలో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నారింజ సూటు వేసుకున్నది అలంకారానికి కాదు, సముద్రంలో పడితే కనిపించాలని. నీకూ అదే కారణం చాలు. ఒంటి మీద నారింజ సగం పైన ఉండనీ, తెలుపు దానికి తోడు, నీలం పదో వంతు దాటనివ్వకు. పెదవి ఎరుపు ఇంకెక్కడా వాడకు. సూటు మీద కూడా ఎరుపు ఉంటే కళ్ళు ముఖం దాకా రావు.

కానీ రంగు మీద ఆశ పెట్టుకోకు, ఆకారమే మొయ్యాలి. 1991లో చేతిలో పట్టే గేమ్ యంత్రం గేమ్‌బాయ్ మీద రెండో మెట్రాయిడ్ ఆట చేసేటప్పుడు, దాని నాయిక సేమస్ మామూలు సూటుకీ, తరవాత దొరికే వేరియా సూటుకీ రంగు తేడా చూపించే వీల్లేదు, ఆ తెర మీద నాలుగే ఛాయలు. అందుకని వేరియాకి భుజాల మీద పెద్ద గుండ్రని బంతులు పెట్టారు. ఇవాళ్టికీ సేమస్ అంటే ఆ భుజాలే. నువ్వూ బొమ్మ మొత్తం నలుపు నింపి 64 పిక్సెళ్ళకి, తరవాత 32కి కుదించి చూడు. పానా కనపడాలి, జుట్టు కనపడాలి, ఏ కాలి మీద బరువుందో తెలియాలి. పానా ఒంటి ముందు ఉంటే నలుపులో కలిసిపోతుంది. మోచెయ్యి బయటికి తీసి, నడుముకీ చేతికీ మధ్య ఖాళీ వదులు. ఆ ఖాళీ 32లో కనీసం 2 పిక్సెళ్ళు ఉండాలి, లేకపోతే మూసుకుపోతుంది.

హెల్మెట్ దగ్గర చాలామంది బోల్తాపడతారు. పిన్అప్‌ల జుట్టు, అంటే నుదుటి పైన రెండు పెద్ద చుట్టలు, గాజు బుడగలో పట్టవు. బుడగ పెంచితే తల బుట్టంత అవుతుంది. చుట్టల్ని నెత్తి మీంచి దింపి చెవుల మీదికి తెచ్చి, వాటినే హెడ్‌ఫోన్ గిన్నెల ఆకారంగా మలుచు. ఆకారంలో పిన్అప్ మిగులుతుంది, ఉద్యోగమూ కనిపిస్తుంది. ఇక ఇదే అమ్మాయిని త్రీడీ మోడల్‌గా చేసేటప్పుడు గాజుని నిజం గాజుగా చెయ్యకు. పారదర్శకమైన గోళం లోపల పారదర్శకమైన వెంట్రుకల అంచులు పెడితే గేమ్ ఇంజిన్ (ఆటని నడిపే సాఫ్ట్‌వేర్) ఏది ముందో ఏది వెనకో తేల్చుకోలేక, కెమెరా తిరిగినప్పుడల్లా జుట్టు మాయమై మళ్ళీ వస్తుంది. పాత చిత్రకారులు గాజు ఎలా వేశారో చూడు: ఎడమ పైన నెలవంకలాంటి తెల్ల తళుకు, కుడి కింద సన్నటి నీలం తళుకు, మెడ దగ్గర లోహపు కట్టు. అంతే, మధ్యలో ఏమీ లేదు. నువ్వూ ఆ రెండు తళుకుల్నీ విడి మెష్‌లుగా (త్రీడీ ఆకారపు ముక్కలుగా) పెట్టి, అవి ఎప్పుడూ కెమెరా వైపే తిరిగేలా చెయ్యి. జుట్టు అంచులు కూడా ఆల్ఫా క్లిప్‌తో కొయ్యి, అంటే ప్రతి పిక్సెల్ పూర్తిగా ఉండాలి లేదా పూర్తిగా పోవాలి. సగం పారదర్శకంగా కలిపే బ్లెండ్ వద్దు.

క్రోమ్‌కి సొంత రంగు లేదు, చుట్టూ ఉన్నదే దాని రంగు. బొమ్మలో వేసేటప్పుడు ఎడారి ఊహించుకో: పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ తెలుపు, అక్కడ కత్తితో కోసినట్టు ముదురు గోధుమ గీత, దాని కింద మట్టి రంగు మెల్లగా లేతబడుతుంది. ఆ గీత చేతి గుండ్రానికి తగ్గట్టు వంగాలి. తిన్నగా గీస్తే చెయ్యి రేకులా కనపడుతుంది. త్రీడీలో మెటాలిక్ (లోహపు గుణం) 1, రఫ్‌నెస్ (గరుకుదనం) 0.1 పెట్టి "నల్లగా వస్తోంది బాబాయ్" అని అడిగావు. నీ సీన్‌లో నల్ల ఆకాశం తప్ప ఇంకేం ఉంది ప్రతిబింబించడానికి? రిఫ్లెక్షన్‌కి విడిగా ఎడారి ఆకాశం ఉన్న క్యూబ్‌మ్యాప్ (చుట్టూ ఉన్న దృశ్యాన్ని ఆరు ముఖాల మీద పరిచిన బొమ్మ) తగిలించు, ఆటగాడికి ఆ ఆకాశం కనపడనక్కర్లేదు. ఫోన్ కోసం అయితే 256 పిక్సెళ్ళ మ్యాట్‌క్యాప్ (మెరుపూ నీడా ముందే గీసి పెట్టుకున్న గోళం బొమ్మ) చాలు. క్రోమ్ ఒక్క చోటే ఉంచు, మోచేతి నుంచి చేతివేళ్ళ దాకా.

రిగ్గింగ్‌లో, అంటే మోడల్ కదలడానికి లోపల ఎముకల చట్రం కట్టడంలో, మూడు సంగతులు. మోడల్‌ని వంపుతో చెయ్యకు, చేతులు 45 డిగ్రీలు దించి తిన్నగా నిలబెట్టి చెయ్యి, వంపు యానిమేషన్‌లో రావాలి. సూది మడమల బూట్లు తీసెయ్యి. బయట దొరికే రెడీమేడ్ నడక యానిమేషన్లు చదును పాదానికి చేసినవి, మడమ ఎత్తి ఉన్న పాదానికి తగిలిస్తే వేళ్ళు నేలలోకి దిగిపోతాయి. అయస్కాంతపు బూటు అని చెప్పి 6 సెంటీమీటర్ల దళసరి చదును అడుగు పెట్టు, కాళ్ళ పొడుగూ దక్కుతుంది. గౌను అంచుకి చుట్టూ 8 బోన్లు (చట్రంలోని ఎముకలు) పెట్టి, ముందు రెండూ తొడ తిరిగిన దాంట్లో 60 శాతం తిరిగేలా కట్టు. లోపల నిక్కరు మోడల్ చేసి, దాని కింద తొడ మెష్ కోసెయ్యి. అసలు గౌను బదులు నడుం ఎత్తు నిక్కరే వేస్తే ఈ బాధలేవీ ఉండవు. పిన్అప్‌లకి అదీ ఒక యూనిఫారమే.

చివరిగా, ఎవరి క్యాలెండర్ బొమ్మ మీదా ట్రేసింగ్ పెట్టకు. శైలి ఎవరి సొత్తూ కాదు, ఆ ఒక్క బొమ్మ మాత్రం ఎవరిదో ఒకరిదే. మనిషి పోలికలతోనూ జాగ్రత్త. ఉలాలా తన పోలికే అని ఒక అమెరికన్ గాయని కోర్టుకెక్కింది. 2006లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు సెగా వైపే తీర్పిచ్చింది, పాత్రలో కొత్తదనం సరిపడా ఉందని. అయినా అక్కడిదాకా వెళ్ళే ఓపికా డబ్బూ నీకు లేవు. ఎల్వ్‌గ్రెన్ కూడా మోడళ్ళని ఫోటో తీసుకుని, వాటిని మార్చి వేసేవాడు. నీ స్నేహితురాల్ని నిజం పానా పట్టుకుని నిలబడమను. ఫోన్ ఆమె నడుం ఎత్తులో, 3 మీటర్ల దూరంలో పెట్టి రెండు రెట్లు జూమ్ చెయ్యి. దగ్గరికెళ్ళి తీస్తే ముక్కు పెద్దదై కాళ్ళు కురచబడతాయి. ఎడమ పైనుంచి పసుపు బల్బు, కుడి వెనకనుంచి తెల్ల ట్యూబ్‌లైటు. పానా బరువుది కావాలి, అట్టముక్కతో చేసింది వద్దు. బరువు మోస్తేనే భుజం నిజంగా దిగుతుంది.

వచ్చే వారానికి రంగులు లేకుండా, పది నల్ల ఆకారాలు 32 పిక్సెళ్ళలో పంపు. అందులో ఏడు కొట్టేస్తాను, ముందే చెబుతున్నా.

మీ బాబాయ్