పికప్ టైర్లు కొనబోయే అల్లుడికి

అల్లుడా,

పికప్ వెనక టైర్లు మార్చాలనుకుంటున్నావని, మడ్ టైర్లే వేయిస్తానని పట్టుబట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పైన పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలు, అదే బటన్లతో చూడటానికి బాగుంటాయి, నిజమే. కానీ నీ పనికి అవి పనికిరావు. ఎందుకో రాస్తున్నా, దుకాణానికి పోయేముందు చదువు.

ముందు నీ బండి ఏ దారిలో ఎంత తిరుగుతుందో చూసుకో. దేవరకొండ దిక్కు తోటల్లో బత్తాయి ఎక్కించుకుని కొద్ది దూరం బండ్ల బాటలో వస్తావు. ఆ తర్వాత నల్లగొండ మార్కెట్‌కు పోయినా, నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే ఎక్కి హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పోయినా అంతా తారు రోడ్డే. మడ్ టైరులో బటన్ల మధ్య సందులు వెడల్పుగా ఉండేది బురదను విదిలించడానికి. తారు మీదికి వచ్చేసరికి ఆ సందుల వల్లనే రోడ్డును పట్టుకునే రబ్బరు తగ్గుతుంది. టైరు మోత పెడుతుంది, తొందరగా అరుగుతుంది, డీజిల్ కూడా ఎక్కువ తాగిస్తుంది. వానలో బ్రేక్ కొడితే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది అదే.

నేల సంగతీ చూడు. ఎర్ర చెలకలో వాన వెలిస్తే నీళ్లు తొందరగానే ఇంకిపోతాయి. నల్లరేగడిలో అయితే మడ్ టైరు కూడా ఓడిపోతుంది. ఆ మట్టి చెప్పులకు పట్టినట్టే బటన్ల సందుల్లో నిండిపోయి టైరును నున్నగా చేస్తుంది. అలాంటి రోజు బండిని గట్టి నేల మీదే ఆపి, కాయను ట్రాక్టరు మీద తెప్పించుకో. మన దగ్గర టైర్లను ఎక్కువగా పాడుచేసేవి రాళ్లు, తుమ్మ ముళ్లు, ఎండాకాలం వేడి. అందుకే ఆల్ టెర్రయిన్ రకం తీసుకో. తారు మీద బాగా నడుస్తుంది, బాటలోనూ పట్టు ఇస్తుంది.

అయితే ఆల్ టెర్రయిన్ అని రాసి ఉన్న ప్రతి టైరూ నీ బండికి సరిపోదు. ఇక్కడే చాలామంది మోసపోతారు. వాటిలో చాలావరకు జీపుల కోసం, మనుషులు ఎక్కే పెద్ద కార్ల కోసం చేసినవి. టైరు పక్కన 215/75 ఆర్ 15 అని ఉంటే, వెడల్పు 215 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు అని అర్థం. దాని పక్కనే ఇంకో అంకె ఉంటుంది, అది ఆ టైరు మోయగల బరువును చెబుతుంది. 100 అని ఉంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది. 112 ఉంటే 1120 కిలోలు. నువ్వు టన్నున్నర కాయ వేసుకుంటే దాదాపు ఆ బరువంతా వెనక ఇరుసు మీదే పడుతుంది, దానికి బండి సొంత బరువు తోడు. 100 అంకె ఉన్న రెండు టైర్లు కలిపి మోసేది 1600 కిలోలే. ఇక వేసవి మధ్యాహ్నం హైవే మీద ఏమవుతుందో నువ్వే ఆలోచించు. లైట్ ట్రక్ అని తెలిపే ఎల్‌టీ గుర్తు చూడు, బరువు చెప్పే ఆ అంకె నీ బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నదానికంటే తక్కువ ఉంటే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకు. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న గుర్తు చూపించి మడ్ టైరు అని అంటగడతారు, దాన్నీ నమ్మకు. మామూలు టైర్ల మీద కూడా ఆ గుర్తు ఉంటుంది.

పక్కగోడ మందంగా ఉండాలి. బాటలో రాయి గీరుకునేది అక్కడే, పక్కగోడ తెగితే ఏ పంచరు షాపులో అతికించినా అది నమ్మదగ్గ టైరు కాదు. నీ రిమ్ములకు సరిపడితే ట్యూబ్‌లెస్ తీసుకో. తుమ్మ ముల్లు దిగినా గాలి మెల్లగా పోతుంది, రోడ్డు దాకా రావచ్చు. ఒకే ఇరుసుకు ఒకవైపు నైలాన్, ఇంకోవైపు రేడియల్ ఎప్పుడూ వేయించకు. ముందు చక్రాలకు రీట్రేడింగ్ టైర్ల, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినవాటి మాటే వద్దు.

తయారైన తేదీ కూడా చూడాలి. డాట్ అని ఉన్న వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. ఏళ్ల తరబడి దుకాణంలో పడి ఉన్న టైరు కొత్తగా మెరుస్తుంది కానీ లోపల రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది.

గాలి పొద్దున్నే, బండి కదలక ముందే చూసుకో. ఎండకు వేడెక్కి గాలి పెరిగిందని మధ్యలో తీసేయకు, చల్లారాక తక్కువైపోతుంది. గాలి తక్కువైన టైరు లోడు కింద నలిగి, వేడెక్కి పగులుతుంది. బురదలో దిగబడితే మాత్రం కాయ దించి, గాలి కొంచెం తగ్గించి మెల్లగా బయటికి తీసుకురా. గట్టి నేల మీదికి రాగానే మళ్లీ నింపుకోవాలి, అందుకని సీటు కింద ఒక చిన్న పంపు పెట్టుకో.

ధర మాట్లాడుకున్నాక, డబ్బులు కట్టే ముందు టైరు పక్కభాగం మొత్తం కనిపించేలా ఫోటో తీసి నాకు పంపు. అంకెలు చూసి చెప్తా. బిల్లు తప్పకుండా తీసుకో. అమ్మను అడిగానని చెప్పు.

నీ మేనమామ