గొలుసు తాకట్టు కంటే ముందు స్కూల్లో సెలవు దరఖాస్తు

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర ఊరు. నాకు ఐదో నెల, తొలి కాన్పు. ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్లుగా టీచర్‌గా చేస్తున్నాను, జీతం 10,000. మా వారికి పైడిభీమవరం ఫార్మా కంపెనీలో 28,000. చేతిలో 70,000 ఉన్నాయి. అవి చాలవు, నా గొలుసు తాకట్టు పెడదామని ఇంట్లో అంటున్నారు. తెలిసిన ఏజెంటు ఒకాయన మెటర్నిటీ ఇన్సూరెన్స్, పిల్లల పాలసీ ఇప్పుడే తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా శుభాకాంక్షలు. గొలుసు మీ మెడలోనే ఉండనివ్వండి. మీకు న్యాయంగా రావాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిని మీరు ఇంకా లెక్కలో వేసుకోలేదు.

అన్నిటికంటే పెద్ద మొత్తం మీ స్కూల్లోనే ఉంది. పది మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది పనిచేసే చోట, గడిచిన ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసిన మహిళకు తొలి కాన్పుకి 26 వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం చెబుతోంది. మీ జీతానికి అది దాదాపు 60,000. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత ఉంటే ఆ డబ్బు స్కూలు నుంచి కాక ఈఎస్ఐ నుంచి వస్తుంది. చాలామంది టీచరమ్మలు నోటిమాటగా అడిగి, ‘మా దగ్గర అలాంటివి లేవమ్మా’ అనగానే ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేస్తారు. మీరు అలా చేయకండి. కాన్పు తేదీ రాసి, డాక్టర్ చీటీ జతచేసి దరఖాస్తు ఇవ్వండి. రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఈ సెలవు కారణంగా ఉద్యోగం తీసేయడం చట్టవిరుద్ధం.

స్కూలు మరీ చిన్నదై ఈ సెలవు వర్తించకపోతే ప్రధానమంత్రి మాతృ వందన యోజన ఉంది. తొలి కాన్పుకి 5,000 ఇస్తారు. చట్టప్రకారం జీతంతో సెలవు పొందేవారికి ఇది రాదు కాబట్టి రెండిట్లో ఒకటే లెక్క వేసుకోండి. ఆఖరి నెలసరి నుంచి ఆరు నెలల లోపు గర్భం నమోదై, ఒక చెకప్ అయి ఉంటే 3,000 వస్తాయి. బిడ్డ పుట్టుక నమోదై, మొదటి విడత టీకాలు పూర్తయ్యాక మిగతా 2,000. మీకు ఐదో నెల కనుక ఈ వారమే ఆశా కార్యకర్తను కలవండి. ఒక్క జాగ్రత్త. ఈ డబ్బు మీ ఆధార్‌కు జతపడిన ఖాతాలోకే వెళుతుంది. డిగ్రీలో స్కాలర్‌షిప్ కోసం తెరిచి, తర్వాత మర్చిపోయిన ఖాతా ఒకటి ఉంటుంది చూడండి, చాలామందికి డబ్బు అందులో పడి కూర్చుంటుంది. బ్యాంకుకెళ్లి ఏ ఖాతా జతయిందో అడగండి.

ఇక కాన్పు ఎక్కడ? విజయనగరం ప్రభుత్వ ఘోషా ఆసుపత్రిలో సాధారణ కాన్పయినా, సిజేరియన్ అయినా, మందులు, పరీక్షలు, భోజనంతో సహా ఉచితం. ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే ఉచితంగా చూస్తారు. అలా ఒక నెల వెళ్లి చూసి, నమ్మకం కుదిరాకే నిర్ణయించుకోండి.

ప్రైవేటుకే వెళ్లాలనుకుంటే మీ వారి కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ సంగతి హెచ్ఆర్‌ని అడగాలి. కాన్పుకి ఎంత ఇస్తారు? బిడ్డకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా? పేరు ఎన్ని రోజుల్లో చేర్చాలి? తొలి కాన్పుకి పుట్టింటికి వెళతారు కదా, ఆ ఊళ్లో నగదు కట్టక్కర్లేని ఆసుపత్రి ఉందా? ఆసుపత్రి వాళ్లు చెప్పే ప్యాకేజీలో చాలాచోట్ల బిడ్డ ఖర్చు ఉండదు. నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో పెట్టాల్సి వస్తే రోజుకి ఎంతో ఇప్పుడే అడిగి రాసుకోండి. కుటుంబాలు అప్పుల పాలయ్యేది ఎక్కువగా అక్కడే. మీ 70,000లో 50,000 ఇందుకోసమే బ్యాంకులో కదపకుండా ఉంచండి. అదీ చాలని రోజు వస్తే అప్పుడు గొలుసు ఉంది, బ్యాంకులు బంగారం మీద సాధారణంగా అదే రోజు ఇస్తాయి. ఐదు నెలల ముందే పెట్టి వడ్డీ కట్టడం ఎందుకు?

ఏజెంటు గారి మాట. గర్భం వచ్చాక కొన్న మెటర్నిటీ పాలసీ ఈ కాన్పుకి పనికిరాదు. వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ కొన్నాక కాన్పు ఖర్చు ఇచ్చేదాకా ఆగాల్సిన గడువు, సాధారణంగా తొమ్మిది నెలల నుంచి కొన్నేళ్ల దాకా ఉంటుంది. పిల్లల పాలసీ కూడా ఇప్పుడు వద్దు. పాలసీ ఏదైనా కొనాలంటే మీ వారి పేరున టర్మ్ పాలసీ (ఆయనకు ఏమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే బీమా) కొనండి, ఇంటి సంపాదన ఎక్కువగా ఆయనదే.

బిడ్డ సామాను సంగతికొస్తే, పుట్టకముందు కొనకూడదంటారు మన పెద్దలు. డబ్బు విషయంలో ఆ మాట మేలే చేస్తుంది. అమ్మ పాత నూలు చీరలు ఉతికి చింపుకుంటే పొత్తిగుడ్డలకు సరిపోతాయి, ఉయ్యాలకూ చీరే చాలు. సీమంతానికి అమ్మానాన్నలు అప్పు చేయబోతే మీరే ఆపండి. మీరు చెబితేనే వింటారు, ఇంకెవరు చెప్పినా వినరు.

కాన్పయ్యాక 21 రోజుల్లోగా పుట్టుక నమోదు చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. ఆడపిల్లయితే పోస్టాఫీసులో 250తో సుకన్య సమృద్ధి పొదుపు ఖాతా తెరవచ్చు, మగపిల్లాడైతే పీపీఎఫ్ అనే దీర్ఘకాల పొదుపు ఖాతా. కానీ మీరు మళ్లీ స్కూలుకి వెళ్లి మొదటి జీతం అందుకున్నాకే.